పొఖరాకు ఇరవై నిమిషాలు

“ఇక్కణ్ణించి పొఖరా ఎంత దూరం చెల్లెమ్మా?”

జోమ్‌సోమ్ ఎయిర్‌పోర్టు కౌంటర్ వెనక కూర్చున్న నిర్మాయ గౌచన్ తలెత్తలేదు. రోజుకు పదిమందైనా అడిగే ప్రశ్నే అది.

“విమానంలో ఇరవై నిమిషాలండి.”

“కిలోమీటర్లలో చెప్పండి.”

“కొండల మీంచి నేరుగా అయితే అరవై పైచిలుకు.”

“అరవై పైచిలుకు కిలోమీటర్లు. ఇరవై నిమిషాలు. దీనికోసం నేను నిన్న పొద్దున్నించి ఇక్కడ కూర్చున్నాను. నడిచిపోయినా ఈపాటికి సగం దూరం వెళ్ళేవాణ్ణి.”

“నడిస్తే అయిదు రోజులు. నిన్న బయల్దేరి ఉంటే ఇంకా నాలుగు మిగిలేవి.” అప్పుడు తలెత్తి చూసింది నిర్మాయ. “ఇంకో సంగతి. మా నాన్నకు నేనొక్కదాన్నే. నాకు అన్నలెవరూ లేరు.”

ఎదురుగా ఉన్నది పొడుగ్గా, సన్నగా, భుజాన పనిముట్ల సంచీతో ఓ ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. రెండు రోజుల గడ్డం. కళ్ళల్లో మూడు రోజుల కోపం. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అతను ఆమె గుండీ దగ్గరున్న పేరు చదివాడు.

“నిర్మాయ. పెట్టినవాళ్ళు తెలిసే పెట్టారు. మచ్చుకైనా మాయ లేకుండా.”

ప్రేమకు ‘మాయ’ అన్న మాట వాడే దేశంలో ఆ పేరుతో పుట్టినందుకు నిర్మాయ ఈ మాట స్కూల్లో చేరిన రోజునుంచి వింటూనే ఉంది. అయినా ఇవాళెందుకో ఒళ్ళు మండింది. లేచి నిలబడి, హాలంతటికీ వినబడేలా చెప్పింది.

“ఈ రోజు పొఖరా విమానం కేన్సిల్. రేపు పొద్దున్న ఆరింటికి రండి.”

అది వానాకాలం మొదలైన నెల. పొఖరాలో తెల్లవారేసరికి మబ్బు నేలదాకా దిగుతుంది, ఒక్కోరోజు తొమ్మిదయితేగాని విడదు. అక్కడ మబ్బు విడేసరికి ఇక్కడ గాలి లేస్తుంది. లేచిందంటే సాయంత్రందాకా లోయలో ఇసుక, గులకరాళ్ళు ఎగురుతూనే ఉంటాయి. ఈ రెండింటికీ మధ్య అరగంట ఖాళీ దొరికితే విమానం వస్తుంది, లేకపోతే లేదు. నాలుగేళ్ళుగా ఈ సంగతి జనానికి విడమరచి చెప్పడమే నిర్మాయ ఉద్యోగం. చెప్పిన ప్రతిసారీ జనం ఆకాశంకేసి చూడరు, ఆమెకేసి చూస్తారు.

ఇంటికి వెళ్ళేసరికి ఆ మనిషి వాళ్ళ వంటింట్లో పొయ్యి పక్కన బాసింపట్టు వేసుకుని, కొండగోధుమ రొట్టెను మిరియాల పచ్చడిలో అద్దుకుంటూ కనబడ్డాడు.

నిర్మాయ తండ్రి ధనప్రసాద్ గౌచన్‌కు రన్‌వే ఎదురుగా ఎనిమిది గదుల లాడ్జి ఉంది. విమానాలు ఆగిపోతే ఆయనకు మంచిరోజులు. ఆ సంతోషం కూతురి ఎదట కనబడకుండా దాచుకోవడానికి పాపం చాలా తంటాలు పడతాడు.

“ఈయన బిశేష్ తామ్రాకార్,” అన్నాడు తండ్రి. “పొఖరావాడు. ఆసుపత్రుల్లో ఎక్స్‌రే మెషిన్లు బాగుచేస్తాడట. మన ఆసుపత్రిది ఆరునెలలుగా మూలన పడుందా, సోమవారం వచ్చి ఒక్కపూటలో లేపాడు.”

“పరిచయమైంది,” అంది నిర్మాయ.

“చాలా బాగా అయింది,” అన్నాడు బిశేష్. “అంకుల్, మీ అమ్మాయి రోజూ ఇంతేనా, లేక నాకోసం ప్రత్యేకమా?”

“రోజూ ఇంతే,” అన్నాడు ధనప్రసాద్, కాస్త గర్వంగానే.

గురువారం కూడా విమానం రాలేదు. శుక్రవారం ఆరున్నరకు పొఖరానుంచి ఫోను వచ్చింది. మబ్బు చిరిగింది, విమానం ఎగిరింది. హాలు మొత్తం ఒక్కసారి లేచి నిలబడింది. మూడు రోజులుగా పడిగాపులు పడుతున్నవాళ్ళు డెబ్బైమంది. సీట్లు పద్దెనిమిది. బిశేష్‌ది ఆరో పేరు. బోర్డింగ్ పాస్ అందుకుంటూ మొదటిసారి నవ్వాడు. నవ్వితే అతని ముఖం అంత విసుగు పుట్టించేలా లేదని నిర్మాయ గమనించి, గమనించినందుకు తనమీద తనే విసుక్కుంది.

సరిగ్గా అప్పుడే ఆసుపత్రి జీపు వచ్చి ఆగింది. కాగ్‌బేనీ నుంచి పెమా బుటి అనే ముసలావిడ. మిద్దెమీద బార్లీ ఎండబోస్తూ కిందపడింది. తుంటి ఎముక విరిగింది. పొఖరాలో ఆపరేషన్ చెయ్యాలి, జీపులో పదకొండు గంటల గతుకుల దారి ఆవిడ తట్టుకోలేదు. స్ట్రెచర్ పెట్టాలంటే మూడు సీట్లు మడవాలి, తోడొచ్చిన కూతురికి ఇంకొకటి.

“చివరి నాలుగు పేర్లు దింపెయ్,” అని మేనేజర్ పున్ సార్ గొణిగి, ఎప్పటిలాగే లోపలి గదిలోకి మాయమయ్యాడు. దింపడం నిర్మాయ పని.

ముగ్గురు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. నాలుగో పేరు నర్సింగ్ పరీక్షకు వెళ్తున్న పిల్లది. పరీక్ష మర్నాడే, పొద్దున్న అయిదింటి జీపు అప్పటికే వెళ్ళిపోయింది. ఆ పిల్ల గొడవ చెయ్యలేదు. బోర్డింగ్ పాస్ మడతలు సాఫుచేసి తిరిగిచ్చింది. దాన్ని నిర్మాయ వెంటనే అందుకోలేదు.

“ఆగండి,” అన్నాడు బిశేష్ పక్కనుంచి. తన పాస్ కౌంటర్ మీద విసిరినట్టు పెట్టాడు. “నాది తీసుకోండి.”

“మీకు రేపు పని ఉందన్నారుగా?”

“ఉంది. రేపు పదకొండింటికి మా అమ్మ నాకు పెళ్ళిచూపులు పెట్టింది. ఇది మూడోసారి. మొదటిసారి డోల్పాలో చిక్కుకున్నాను, రెండోసారి సిమికోట్‌లో. ఈసారి వెళ్ళకపోతే మా అమ్మ నన్ను బతకనివ్వదు.”

“మరి ఎందుకిస్తున్నారు?”

“ఆ ముసలావిడ ఎముక విరిగిందని చెప్పింది నేను బాగుచేసిన మెషినే. నా ఖర్మ. ఆ సంగతి చెప్పడానికే బాగుచేసినట్టున్నాను. తీసుకోండమ్మా, మళ్ళీ మనసు మారుతుంది.”

అంత చిరాగ్గా మంచిపని చేసే మనిషిని నిర్మాయ అంతకుముందు చూడలేదు.

విమానం వెళ్ళిపోయాక పది నిమిషాలకు అతని ఫోను మోగింది. వింటూ వింటూ అతను కళ్ళు మూసుకున్నాడు. “అమ్మా, నిజం చెప్తున్నా. అమ్మా, విను. సరే, ఇక్కడి వాళ్ళనే అడుగు.” ఫోను తెచ్చి నిర్మాయ చేతిలో పెట్టాడు. “దండం పెడతాను, మీరు చెప్పండి.”

“నమస్కారమండి,” అంది నిర్మాయ.

“ఎవరమ్మా నువ్వు?” పొఖరా పాతబజార్లో రాగిసామాను కొట్టు నడుపుతూ, బేరాలాడి ఆరితేరిన గొంతు అది.

“ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో పనిచేస్తానండి. మీ అబ్బాయి సీటు ఇంకొకళ్ళకి—”

“పేరు?”

“నిర్మాయ.”

“పెళ్ళయిందా?”

“లేదండి. దానికీ విమానానికీ ఏం సంబంధం?”

“సంబంధం సంగతి తర్వాత చూద్దాం. మావాడు ఎన్ని రోజులుగా ఉన్నాడు మీ ఊళ్ళో?”

“అయిదు రోజులుగా.”

“ఎక్కడుంటున్నాడు?”

“మా ఇంట్లో.”

అన్నాక గాని ఆ మాట ఎలా ఉందో నిర్మాయకు తట్టలేదు. ఎదురుగా బిశేష్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. “అంటే, మాది లాడ్జండీ,” అంటూండగానే అవతల ఫోను పెట్టేసిన చప్పుడయింది.

“అద్భుతం,” అన్నాడు బిశేష్.

“మీరే కదా చెప్పమన్నారు.”

“విమానం సంగతి చెప్పమన్నాను. నా కొంప సంగతి కాదు.”

శనివారం సెలవు రోజు, పైగా పెద్దగాలి. విమానం ఆశ లేదు. పదకొండింటికి బిశేష్ ఒక్కడూ లాడ్జి వెనక ఆపిల్ చెట్ల దగ్గర గోడవారన కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. అక్కడ పెళ్ళిచూపుల వేళ దాటిపోతోంది. నిర్మాయ రెండు కప్పుల టీ పట్టుకెళ్ళింది, ఎంతైనా తనవల్ల కూడా కొంత చెడిందని.

“బాధపడుతున్నారా?”

“ఆ అమ్మాయిని నేను చూడనే లేదు, బాధేముంది? మా అమ్మ గురించే. కొట్టు కట్టేసి, మిఠాయిలు తెప్పించి కూర్చుంటుంది. ప్రతిసారీ నేను ఇలా చేస్తాను. కావాలని చేస్తున్నానని అనుకుంటోంది.”

“కావాలనే చేస్తున్నారా?”

అతను ఆమెవైపు చూశాడు. గాలికి ఆమె జుట్టు ముఖం మీద పడుతోంది. రెండు చేతుల్లో కప్పులుండటం వల్ల తీసుకోలేక ఉఫ్‌మని ఊదుకుంటోంది.

“మొదటి రెండుసార్లూ కాదు,” అన్నాడు.

“మరి ఈసారి?”

“ఈసారి సీటు ఇచ్చినప్పుడు ఆ ముసలావిడ కోసమే ఇచ్చాను. ఇచ్చేశాక మాత్రం, ఇంకో రెండు రోజులు ఇక్కడే ఉండొచ్చు కదా అని...” మిగిలింది గాలి పట్టుకుపోయిందో, అతనే మింగేశాడో తెలియలేదు.

“ఏంటి?”

“ఏం లేదు.”

“సగం మాట చెప్పి ఏం లేదంటే ఎలా?”

“మీరు సగం మాట చెప్తే మా అమ్మ ఏమనుకుందో చూశాంగా. మాటలతో జాగ్రత్తగా ఉండాలి.” టీ తాగేసి, కప్పు ఆమె చేతిలో పెట్టి, చక్కాపోయాడు.

నిర్మాయకు ఆ రోజంతా ఏ పనీ సరిగ్గా సాగలేదు. గిన్నెల మీద, కోళ్ళ మీద, తండ్రి మీద కసురుకుంది.

ఆదివారం పొద్దున్న లేచేసరికి అతని గది ఖాళీ.

“అయిదింటికి జీపులో పోయాడు,” అన్నాడు ధనప్రసాద్. “బాగ్లుంగ్ ఆసుపత్రిలో మెషిన్ ఆగిపోయిందట. నీకు చెప్పమన్నాడు.”

“ఏం చెప్పమన్నాడు?”

“వెళ్తున్నానని.”

“అంతేనా?”

“ఇంకేదో అన్నాడు. జీపు హారను కొట్టేస్తోంది, నాకు వినబడలేదు.”

నిర్మాయ తండ్రికేసి ఒక చూపు చూసి, టిఫిన్ కూడా తినకుండా డ్యూటీకి పోయింది. ఏడుంబావుకు, వారంలో రెండోసారి, విమానం దిగింది. దాంట్లోంచి ఎర్రచీర కట్టుకుని, నుదుట పెద్ద బొట్టుతో, చంకలో గొడుగు, చేతిలో స్టీలు డబ్బాతో ఒక పొట్టి ఆవిడ దిగింది. సామాను కోసం ఆగకుండా నేరుగా కౌంటర్ దగ్గరికి వచ్చింది.

“నిర్మాయ అంటే నువ్వేనా?”

ఫోనులో విన్న గొంతు గుర్తుపట్టి నిర్మాయ లేచి నిలబడింది. “నేనేనండి.”

“నేను బిశేష్ అమ్మని. హీరాదేవి. మావాణ్ణి పిలు.”

“ఆయన పొద్దున్న అయిదింటికే జీపులో వెళ్ళిపోయారండి.”

హీరాదేవి డబ్బా కౌంటర్ మీద పెట్టింది. గొడుగు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. “వెళ్ళిపోయాడు. అయిదు రోజులు కదలనివాడు, నేను వచ్చే రోజే వెళ్ళిపోయాడు.”

“ఆయనకు మీరు వస్తున్నట్టు తెలీదు కదండీ.”

“నువ్వు వాడి తరఫున మాట్లాడకు. నాకు ఇదే విమానంలో తిరుగు సీటు ఇయ్యి.”

“ఇది నిండిపోయిందండి. రేపు చూద్దాం.”

“ఎంతసేపమ్మా ప్రయాణం? ఇరవై నిమిషాలు. కాసేపు నిలబడే వస్తాను.”

నిర్మాయ పెదవి కొరుక్కుని, ఆవిడ సంచీ అందుకుని లాడ్జికి తీసుకెళ్ళింది.

సోమవారం విమానం రాలేదు. ఆ రోజే తాతోపానీ దగ్గర కొండచరియ విరిగిపడి రోడ్డూ మూసుకుంది. హీరాదేవి హాల్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పావుగంటకోసారి కౌంటర్ దగ్గరికి వచ్చి ఏమైందని అడిగింది. మేనేజర్‌ని పిలవమంది. మేనేజర్ లోపల్నించి గడియ పెట్టుకున్నాడు. “ఆకాశం ఇంత నీలంగా ఉంటే విమానం రాదేంటి, మమ్మల్ని వెర్రివాళ్ళనుకున్నారా?” అని ఆవిడ నిలదీస్తుంటే, ఈ తల్లికి ఆ కొడుకు పుట్టడంలో వింతేమీ లేదనిపించింది నిర్మాయకు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర హీరాదేవి అసలు సంగతి ఎత్తింది.

“దాచకుండా చెప్పు. మావాడికీ నీకూ మధ్య ఏముంది?”

“రెండు కప్పుల టీ అండి.”

“అంతేనా?”

“అందులో ఒకటి నేను తాగాను.”

“ఈ మాత్రానికా నేను విమానమెక్కి వచ్చింది?” నిజంగానే నిరుత్సాహపడింది హీరాదేవి. “ఏదో ఉందనుకునే వచ్చాను. వాణ్ణి రెండు తిట్టి, నిన్ను నాలుగు తిట్టి, బాగుంటే ఒప్పుకుందామనుకున్నాను. ఆ పెళ్ళిచూపుల పిల్ల తల్లి నాకు ఇరవై ఏళ్ళుగా స్నేహితురాలు, ఆవిడ ముందు తలవంచుకుని వచ్చానమ్మా నేను.”

నిర్మాయ అన్నం వడ్డించింది. ఎదురుగా ధనప్రసాద్ దగ్గు వచ్చినట్టు నటిస్తూ పప్పు గిన్నె చాటున నవ్వుకున్నాడు.

మంగళవారం ఆరింటికి, పొఖరా వాతావరణం ఎలా ఉందో చెప్పే ఫోను మోగింది. రోజూ పొఖరా కౌంటర్‌లో ప్రధాన్ అన్న చేస్తాడు. ఆ రోజు గొంతు వేరు.

“నేను. బిశేష్‌ని. ప్రధాన్ అన్న దగ్గర బతిమాలి తీసుకున్నాను. బాగ్లుంగ్‌లో పని అయిపోయింది. అక్కడ ఎలా ఉంది?”

“గాలి ఇంకా లేవలేదు. అక్కడ?”

“వాన. మా అమ్మ?”

“గాలికన్నా ముందే లేచారు.”

అతను నవ్వాడు. నిర్మాయకు నవ్వు రాలేదు, చెప్పకుండా పోయిన కోపం అలాగే ఉంది. “ఆ రోజు జీపెక్కే ముందు మా నాన్నకేం చెప్పారు?”

“ఆయన చెప్పలేదా?”

“వినబడలేదట.”

“అయ్యో ఖర్మ. తలుపు కొట్టడానికి ధైర్యం చాల్లేక ఆయనకు చెప్పాను. సరే, నేనే వచ్చి చెప్తాను. ఇవాళ విమానంలో సీటుంది నాకు.”

ఎనిమిదింటికి పొఖరానుంచి విమానం లేచిందని కబురొచ్చింది. నిర్మాయ ఎందుకో జడ విప్పి మళ్ళీ వేసుకుంది. హీరాదేవి అది చూసి చూడనట్టు ఊరుకుంది. ఎనిమిదింబావుకు లోయ దిగువనుంచి ఇంజను చప్పుడు వినబడింది. సరిగ్గా అప్పుడే రన్‌వే చివరనున్న గాలి జోరు చూపే గాలిసంచీ ఒక్క ఊపున బిగుసుకుని అడ్డంగా లేచింది. చప్పుడు దగ్గరికి వచ్చింది, కొండ మలుపులో ఓసారి తెల్లగా మెరిసింది, తిరిగింది, సన్నబడింది, పోయింది.

హాల్లో అందరూ ఒకేసారి మాట్లాడారు. రోడ్డు కాంట్రాక్టర్ ఒకాయన కౌంటర్ మీద అరచేత్తో కొట్టాడు. “నీకు ఉద్యోగం ఇచ్చిందెవరు? వచ్చిన విమానాన్ని వెనక్కి పంపుతారా? నేనెవరో తెలుసా?”

నిర్మాయ నోరు తెరిచేలోపు ఎర్రచీర ముందుకు వచ్చింది.

“నువ్వెవరైతే ఏం నాయనా, గాలి ఈ పిల్ల నోట్లోంచి వస్తోందా?” అంది హీరాదేవి. “ఆ విమానంలో నా కొడుకున్నాడు. దించమని నేను అడగాలి ముందు. కొండకు కొట్టుకుని చావకుండా వెనక్కి తిప్పినవాడికి దండం పెట్టు. ఈ పిల్ల పొద్దున్న నాలుగింటికి లేస్తోంది. మూడు రోజులుగా చూస్తున్నాను, ఒక్కరు కూడా మంచినీళ్ళు తాగావా అని అడగరు. వెళ్ళి కూర్చో.”

కాంట్రాక్టర్ వెళ్ళి కూర్చున్నాడు. హీరాదేవి స్టీలు డబ్బా మూత తీసి, పెళ్ళిచూపులకని బియ్యప్పిండితో వండిన తీపి సేల్‌రోటీ ఒకటి నిర్మాయ చేతిలో పెట్టింది. మూడు రోజులనాటిది, బిరుసెక్కింది. నిర్మాయ మొత్తం తినేసింది.

అరగంటకు ఫోను మోగింది.

“మీ ఇంటి మిద్దె కనబడింది,” అన్నాడు బిశేష్. గొంతు అలిసిపోయి ఉంది. “మిద్దెమీద ఆరేసిన తువ్వాళ్ళు కూడా కనబడ్డాయి. అంతదాకా వచ్చి తిప్పేశారు. వినండి, నేను చెప్పాలనుకున్నది ఇదీ—”

“ఇక్కడ అరవైమంది ఉన్నారు. మీ అమ్మగారు నా భుజం మీద గడ్డం ఆనించి వింటున్నారు.”

“విననీండి. నేను విసిగిపోయాను.”

“నేనూ విసిగిపోయాను. కానీ ఫోన్లో వినను. చెప్పకుండా పోయినప్పుడు లేని తొందర ఇప్పుడేంటి? ఇక్కడికి వచ్చి చెప్పండి.”

“ఎలా రమ్మంటారు? పైన గాలి, కింద కొండచరియ.”

“అది నాకు తెలీదు,” అని ఫోను పెట్టేసింది నిర్మాయ. పెట్టాక చెయ్యి కాసేపు దానిమీదే ఉండిపోయింది.

బుధవారం వాతావరణం ఫోనులో ప్రధాన్ అన్నే పలికాడు. బిశేష్ అక్కడికి రాలేదన్నాడు. సెల్‌ఫోను కలవలేదు. విమానమూ రాలేదు. “వాడికి కోపమొచ్చిందేమో,” అంది హీరాదేవి. “నువ్వు ఫోను అలా పెట్టేసి ఉండకూడదు.” కాసేపాగి, “నేనైనా అలాగే పెట్టేద్దును,” అంది. ఆ రోజు వాళ్ళిద్దరూ కలిసి మిద్దెమీద తువ్వాళ్ళు మడతపెట్టారు, ముల్లంగి ఎండబెట్టారు, ఒకరికొకరు ధైర్యం చెప్పుకోకుండా కొండదారికేసి చూస్తూ కూర్చున్నారు.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ఊళ్ళో ఒక్క తలుపు తెరిచిలేదు. వీధంతా ఇసుక. ధనప్రసాద్ కిటికీలోంచి చూసి, “ఎవడో పిచ్చివాడు ఎదురుగాలిలో నడిచొస్తున్నాడు,” అన్నాడు.

నిర్మాయ చేతిలో గరిటెతోనే వీధిలోకి వెళ్ళిపోయింది.

మోకాళ్ళదాకా బురద. చొక్కా మోచేతి దగ్గర చిరిగింది. జీపులో కొండచరియదాకా వచ్చి, రాళ్ళు దొర్లుతుంటే రెండు గంటలు ఆగి, అవతలికి పాకి, తాతోపానీలో పడుకుని, పొద్దున్న దొరికిన ట్రాక్టరెక్కి, అది చెడిపోతే నడిచాడట. అదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం అతను నోరు తెరవగానే ఇసుక పడింది.

“ఊపిరాడుతోందా?” అంది నిర్మాయ. “ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని ఇలా?”

బిశేష్ నోట్లో ఇసుక ఉమ్మేశాడు. “మీరే,” అన్నాడు చివరికి.

“రమ్మంటే రాళ్ళమీద పాకి రమ్మన్నానా? బుద్ధుందా మీకు? ఏదన్నా అయితే మీ అమ్మకు ఎవరు చెప్పాలి? మళ్ళీ నేనేగా?” అంటూనే అతని సంచీ లాక్కుంది. కళ్ళలో నీళ్ళు ఇసుకవల్లేనని చెప్పడానికి వీలుగా గాలి ఇంకా వీస్తూనే ఉంది.

వంటింట్లో పొయ్యి దగ్గర అతణ్ణి కూర్చోబెట్టారు. హీరాదేవి కొడుకు తల నిమిరి, చెవి మెలిపెట్టి, మళ్ళీ తల నిమిరింది. నిర్మాయ వేణ్ణీళ్ళ బేసిన్ తెచ్చి పెట్టింది. “ముందు బూట్లు విప్పండి.”

“ముందు చెప్పనివ్వండి. బూట్లు విప్పితే నిద్రపోతాను.” అతను గొంతు సవరించుకున్నాడు. “అంకుల్, జీపు దగ్గర మీకు వినబడని మాట ఇప్పుడు చెప్తున్నాను. మీ అమ్మాయంటే నాకు ఇష్టం. ఆమె ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటాను. అమ్మా, నువ్వు నాలుగు తిట్టాలనుకుంటే తిట్టు, కానీ ఇంకెవరి ఇంటికీ పెళ్ళిచూపులకు తీసుకెళ్ళకు.”

“తిట్టడానికి ఓపిక లేదు నాకు,” అంది హీరాదేవి.

“నేను పొఖరా రాను,” అంది నిర్మాయ. అందరూ ఆమెకేసి తిరిగారు. “రెండుసార్లు బదిలీ ఇస్తామన్నారు, వద్దన్నాను. అక్కడ కౌంటర్‌లో ఎవరైనా కూర్చోవచ్చు. ఇక్కడ స్ట్రెచర్ ఎవరికి, సీటు ఎవరికి అన్నది తెలిసినవాళ్ళు కూర్చోవాలి. అందరూ తిడతారు, తిట్టనీండి. ఈ పని మాత్రం వదలను.”

“వదలమని ఎవరన్నారు?” అన్నాడు బిశేష్. “నావి ఏడు ఆసుపత్రులు. అందులో నాలుగు ఈ దారిలోనివే. సంచీ ఎక్కడ పెడితే నాకు అదే ఇల్లు. ఇక్కడ పెడతాను.”

“అలాగే పెట్టు. నెలకోసారి నాకు ముఖం చూపించు,” అంది హీరాదేవి. “చలికాలంలో మంచు పడితే ఇద్దరూ నా దగ్గరికి దిగండి. మిగతా రోజులు ఈ గాలిని మీరే పంచుకోండి.”

ధనప్రసాద్ పొయ్యిలో కట్టె ఎగదోశాడు. ఆయన ముఖంలో నవ్వు లేదిప్పుడు. “నువ్వేమంటావమ్మా?” అని కూతుర్ని అడిగాడు. “ఉద్యోగం సంగతి కాదు. అబ్బాయి సంగతి.”

నిర్మాయ గరిటె తీసుకుని పొయ్యిమీద గిన్నె కలిపింది.

“ఈయనంటే తొమ్మిది రోజులుగా కోపంగా ఉంది నాన్నా,” అంది నెమ్మదిగా. “రోజూ వందమంది తిడతారు, ఇంటికొచ్చేసరికి మర్చిపోతాను. ఎవరి మీదా నాకు కోపం పూట దాటి నిలబడలేదు. ఈయన మీద మాత్రం పొద్దున్న లేవగానే వస్తోంది, పడుకునేదాకా పోవట్లేదు.”

“అంటే?”

“అంటే సరేనని.”

బిశేష్ ఏదో అనబోయాడు. “మీరు మాట్లాడకండి, బూట్లు విప్పండి,” అంది నిర్మాయ. అతను వంగాడు. వంగినవాడు వంగినట్టే గోడకు ఒరిగి, ఒక కాలు బూటుతో, ఒక కాలు వేణ్ణీళ్ళలో, నవ్వుముఖంతో నిద్రపోయాడు. ధనప్రసాద్ రెండో బూటు విప్పాడు. హీరాదేవి తన శాలువా తీసి నిర్మాయ భుజాల చుట్టూ కప్పి, కొసలు రెండూ బిగించి పట్టుకుని, కాసేపలాగే ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడింది.

పెళ్ళి, వానలు పోయి చలి మొదలయ్యే మంగ్సిర్ నెలలో జోమ్‌సోమ్‌లోనే చేశారు. ఆ నెలలో ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటుంది, పొద్దుటిపూట గాలి ఉండదు, విమానాలు చెప్పిన వేళకు చెప్పినట్టే దిగుతాయి. పెళ్ళికొడుకు వైపు చుట్టాలు ముహూర్తం రోజు పొద్దున్న ఏడింటికి పొఖరాలో ఎక్కి, తీరిగ్గా దిగి, టీలు తాగారు.

హీరాదేవి మాత్రం అప్పటికి నాలుగు రోజుల ముందే వచ్చి కూర్చుంది.